పోటు వేళ గడ్డి ఎక్కే నత్తలు

మేముండే పార్సిప్పనీ నుంచి సముద్రం వైపు వెళ్తే, ఇళ్ళు అయిపోయిన చోట ఉప్పు పర్ర, అంటే పోటు నీళ్ళు ఎక్కి దిగే గడ్డి నేల, మొదలవుతుంది. పెళ్ళయి ఈ దేశం వచ్చాక చాలా ఏళ్ళు వర్క్ పర్మిట్ లేక ఇంట్లో కూర్చున్నాను. అది వచ్చాక, ఆ పర్రలోని నత్తల మీద పరిశోధన చేసే ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది.

కాఫీ గింజంత నత్తలు, రంగూ అదే. బతికేది నీటి అంచునే అయినా వాటికి మొప్పలుండవు. మనలాగే గాలి పీల్చాలి. పోటు వస్తోందంటే గడ్డిపరకలు పట్టుకుని పైకి పాకుతాయి. ల్యాబ్ తొట్టెల్లో కాస్త నీళ్ళు ఎక్కువైనా గాజు గోడల మీదుగా మూత దాకా ఎక్కేసేవి. వాటిని పెంచడమే నా పని.

"మా ఆవిడ నత్తలు కాస్తుంది" అని విందుల్లో మా ఆయన చెప్పేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. వడ్డిస్తూ నేనూ నవ్వేదాన్ని.

పోయిన వసంతంలో ల్యాబ్‌కి గ్రాంట్ ఆగిపోయింది. ప్రొఫెసర్ ఎంతో మర్యాదగా నా ఉద్యోగం పోయిందని చెప్పి, తన రిటైర్మెంట్ పార్టీకి పిలిచాడు. మరి నత్తలో? ల్యాబ్‌లో పెరిగినవాటిని పర్రలో వదిలితే అక్కడివాటికి రోగాలు అంటుకోవచ్చట. ఫ్రీజర్‌లో పెట్టేయమన్నాడు. ఆ పని చేయాల్సిన రోజు ఆయన ల్యాబ్‌కి రాలేదు.

చేతులాడక మా ఆయనకి ఫోన్ చేశాను.

"నత్తలే కదా! త్వరగా ఫినిష్ చేసి వచ్చెయ్. పాపని పికప్ చెయ్యాలి. నాకు మీటింగ్ ఉంది."

ఒక్కొక్కటే ఏరి డబ్బాల్లో వేశాను. కొన్ని కొమ్ములు చాచి నా వేళ్ళ మీదకి పాకాయి. పైకి ఎక్కడం తప్ప వాటికి మరో ఉపాయం తెలియదు. వేళ్ళ మీంచి వాటిని ఊడదీసి, మూతలు పెట్టి, ఫ్రీజర్ తలుపు వేశాను.

కార్‌లో పాప అడిగింది. "అమ్మా, నీ స్నెయిల్స్ ఎక్కడ?"

"వాటి ఇంటికి వెళ్ళిపోయాయి."

"దే ఆర్ హ్యాపీ?"

"ఊఁ" అన్నాను, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్నాను. కోర్సు మా ఆయనే బుక్ చేశాడు. చేసేశాక చెప్పాడు.