అంబదాస్ నల్లచేప

పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది నాటి మాట. అమీర్‌పేట దర్జీ అంబదాస్ కడుపుమంటకు మందు లేదు. ఎదురుగా జహూర్ దుకాణం పెట్టిన నాడు మొదలైంది అది. జహూరూ దర్జీయే. కుట్టులో అంబదాస్‌కు తీసిపోడు, మించినవాడూ కాదు. కాకపోతే అతని గుమ్మం పక్కన ఒక గాజుతొట్టి, అందులో నాలుగు బంగారు చేపలు ఉన్నాయి. పంజాగుట్టలో ఒక బంగళావారికి షేర్వానీలు కుడితే వాళ్ల తోటలోని నీళ్ల హౌజులోంచి తీసి ఇచ్చారట. ఇక చూడండి, పిల్లాజెల్లా అంతా అక్కడే. చేపల కోసం టాంగా ఆపిన పెద్దమనిషి ఊరికే పోకుండా కొలతలిచ్చి పోయేవాడు.

"బట్టలు కుట్టించుకోనీకి వస్తున్నరా, చేపలకు దండం పెట్టనీకి వస్తున్నరా?" అని అంబదాస్ పళ్లు నూరేవాడు.

"నువ్వు సుత ఒకటి తెచ్చుకోరాదు," అంది భార్య చంద్రావతి, కాజాలు కుడుతూ. వేళాకోళానికే అంది.

అంబదాస్ మర్నాడే పంజాగుట్ట పోయి ఆ బంగళా తోటమాలి మొగిలయ్యను పట్టుకున్నాడు. హౌజు మూలన కాటుక నలుపులో చిన్నచేప ఒకటి కంటబడింది. "గిదే కావాలె," అన్నాడు. బంగారువి జహూర్‌కు ఉంటే ఉండనీ, నల్లది ఎవరి దగ్గరుంది! గాజు బరణిలో వేసి గుమ్మంలో పెట్టాడు. జనం నిజంగానే ఇటు మళ్లారు. జహూర్ దగ్గరికి పోబోయిన పెళ్లివారు ఇటే తిరిగి షేర్వానీలకు కొలతలిచ్చారు. చాన్నాళ్లకు అంబదాస్‌కు అన్నం సయించింది.

అంతలో చేప పొట్ట కింద నలుపు వెలిసిపోసాగింది. తర్వాత చెంపలు. ఒళ్లంతా ఇత్తడి మచ్చలు. అంబదాస్ పుట్టింది సిరిసిల్లలో అద్దకం ఇంట్లో. రంగు దిగిందంటే సరుకు చెడినట్టేనని చిన్నప్పటి నుంచీ విన్నవాడు.

"దీనికి రోగమొచ్చింది."

"రోగమొస్తే గిట్ల తింటదా? మెతుకు వేస్తే ఉరికొస్తున్నది. రెక్కలు మంచిగ ఇప్పుతున్నది," అంది చంద్రావతి.

"రంగు సంగతి నాకు చెప్తవా నువ్వు?"

ఆ రాత్రే పాడుబుద్ధి పుట్టింది. ఎలాగూ చచ్చేదే, ఎదురు తొట్టిలో చస్తే? రోగం అంటుకుని ఆ నాలుగూ పోతే? తెల్లారగానే బరణి పట్టుకుని రోడ్డు దాటాడు.

"జహూర్ భాయ్, ఒక్కటే ఉండి బెంగ పెట్టుకున్నది. నీ వాటిల్ల కలుపుకో."

జహూర్ కళ్లు చెమర్చాయి. "గింత దిల్ ఎవరికుంటది అన్నా!" బరణిని వెలుగుకెత్తి చేపను అటూ ఇటూ తిప్పి చూశాడు. తొట్టిలో మాత్రం వేయలేదు. "కొత్తది గద, జర కొన్ని రోజులు ఇడిగ ఉంచుత," అని మట్టి గోలెంలో వదిలాడు. అంబదాస్ ఉసూరుమంటూ వచ్చేశాడు.

ఎండలు ముదిరేసరికి జహూర్ గుమ్మంలో ఎన్నడూ లేనంత గుంపు. ఉండబట్టలేక అంబదాస్ పోయి తొంగి చూశాడు. తొట్టిలో ఐదు చేపలు. ఐదోది మిగతా నాలుగూ వెలవెలబోయేలా కొత్త పుస్తెలా మెరుస్తోంది. తోక కొసన మాత్రం కాటుక చుక్కంత నలుపు మిగిలింది. ఆ చుక్కను బట్టి గుర్తుపట్టాడు.

"గిది... చావలేదా?" నోరు జారింది.

"ఎందుకు చస్తది అన్నా? ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలొస్తే రోగం. రెక్కలు ముడుచుకుంటే, తిండి మానేస్తే, నీళ్లమీదికొచ్చి నోరు తెరుస్తుంటే ఫికర్ చెయ్యాలె. గివేం లేవు దీనికి. గీ జాతి పిల్లలు నల్లగనే ఉంటయి, పెరిగినంక బంగారమైతయి. నీకు ఎరుకుండే ఇచ్చినవనుకున్న!" గుంపువైపు తిరిగి గొంతెత్తాడు. "గీ చేపను అంబదాస్ అన్ననే ఇచ్చిండు. తన దుకాణంలది, ఊకెనే ఇచ్చిండు!"

అందరూ అంబదాస్‌నే చూశారు. ఒక ముసలాయన భుజం తట్టాడు.

"మనసు గుంజితే తీసుకపో అన్నా, నీదే గద," అన్నాడు జహూర్.

"ఇచ్చింది మళ్ల తీసుకుంటనా?" అంబదాస్ నవ్వలేక నవ్వాడు.

అప్పటినుంచి తనకు కుదరని గిరాకీనంతా జహూర్ ఇటే పంపేవాడు, దిల్ ఉన్న మనిషి అని చెప్పి మరీ. అంబదాస్‌కు పని పెరిగింది. కడుపుమంట అంతకంత పెరిగింది. చేపలను చూసి ఏడ్చినన్నాళ్లు కాస్త నయం. ఇప్పుడు జహూర్ మంచితనాన్ని చూసి ఏడవాల్సి వస్తోంది.

మిషన్ మీంచి తలెత్తితే ఎదురుగా ఐదో చేపే. ఒకరోజు లేచి మిషన్‌ను గోడవైపు తిప్పుకున్నాడు.

"గాడ చీకటి గద, ఎట్ల కుడ్తవ్?" అంది చంద్రావతి.

"కుడ్త," అన్నాడు అంబదాస్.