జనరల్ మేనేజర్ రుద్దిన ఇనుపముక్క

కరోనాకు రెండేళ్ళ ముందు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, నన్ను మస్కట్ దగ్గర ఘాలాలోని పంపుల మరమ్మతు కర్మాగారానికి మెయింటెనెన్స్ మేనేజర్‌గా వేశారు. కాపురం మస్కట్‌లోని దార్సైట్ పేటలో, డ్యూటీ ఘాలాలో. మా జనరల్ మేనేజర్ వెర్నర్ గారు జర్మన్. నా బీటెక్ మీద నాకు కాస్త ఎక్కువ గౌరవమే ఉండేది. ఆయనా ఏ పెద్ద యూనివర్సిటీలోనో చదివి ఉంటారనుకున్నాను.

వచ్చిన నెలకే ఫోర్‌మన్ పోస్టు ఖాళీ అయింది. ఫిట్టర్లకు పని పంచి, అయిన పనిని తనిఖీ చేసి సంతకం పెట్టేవాడు ఫోర్‌మన్. సీనియర్ ఫిట్టర్ మహబూబ్ దరఖాస్తు పెట్టుకున్నాడు. కడప మనిషి, ఐటీఐ చదివాడు, పదమూడేళ్ళుగా కంపెనీ రూమ్‌లో ఉంటున్నాడు. ఈ హోదా వస్తే భార్యాపిల్లల్ని తెచ్చుకునే వీలు దొరుకుతుంది. కానీ రూల్ ప్రకారం డిప్లొమా ఉండాలి. ‘అర్హత లేదు’ అని రాసి సంతకం చేసి పైకి పంపాను. అలా రాయడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మర్నాడు వెర్నర్ గారు నన్ను వర్క్‌షాప్‌కు పిలిపించారు. రెండు బెంచ్ వైస్‌లకు రెండు ఇనుపముక్కలు బిగించి ఉన్నాయి. ఒకటి నాకు, ఒకటి తనకు. గంటలో ఆకురాయితో పైముఖాన్ని సమతలంగా రుద్దాలన్నారు.

రుద్దుతూనే తన సంగతి చెప్పారు. వాళ్ళది తాళాలు, గొళ్ళాలు తయారుచేసే చిన్న ఊరు. తాతదీ తండ్రిదీ అదే పని. పదహారో ఏట ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరితే మొదటి ఆరు వారాలూ ఇలాంటి ముక్కే రుద్దించారట. తరవాత సాయంత్రం క్లాసులు, పనిలో పరీక్షలు, ఒక్కో మెట్టే ఎక్కి ఇక్కడిదాకా వచ్చారు. డిగ్రీ లేదు.

మా కాలేజీలోనూ ఈ ఎక్సర్‌సైజు ఉండేది. క్లాసులో సగంమందికి వర్క్‌షాప్ అటెండరే రుద్దిపెట్టేవాడు. ఆ సగంలో నేనూ ఉన్నాను. అరగంటకే చేతులు బొబ్బలెక్కాయి, సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

గంట కాగానే మహబూబ్‌ను పిలిచి, ఏది ఎవరిదో చెప్పి మరీ, చూడమన్నారు. అతను ముక్క మీద స్ట్రెయిట్ ఎడ్జ్, అంటే వంకరలేని ఉక్కు బద్ద, నిలబెట్టి వెలుతురుకు పట్టాడు. బద్ద కింద వెలుగు కనిపిస్తే అక్కడ పల్లం ఉన్నట్టు.

నాది చూసి, “మధ్యలో మూపురం లేసింది సార్,” అన్నాడు. వెర్నర్ గారిది చాలాసేపు చూశాడు. “ఇది శానా మేలు. కాకపోతే ఈ మూల దిగిపోయింది. పనికి రాదు.”

ఇంగ్లీషులో చెప్పాల్సింది నేను. ముందు తెలుగులో అతణ్ణే అడిగాను. “అదే చెప్పమంటావా మహబూబ్? నీ కాయితం ఆయన చేతిలోనే ఉంది.”

“ఉన్నదే చెప్పండి సార్. వెలుగు కనపడతాండాది కదా.”

చెప్పాను. వెర్నర్ గారు ముక్కను తనే వెలుతురుకు పట్టి చూసి, అవునంటూ స్క్రాప్ డబ్బాలో వేశారు. నేను ‘అర్హత లేదు’ అని రాసిన కాయితం తెప్పించి, రూల్‌కు మినహాయింపు ఇస్తున్నట్టు దానిమీదే రాసి, కింద నన్నూ సంతకం చెయ్యమన్నారు. బొబ్బల చేత్తోనే చేశాను. మహబూబ్ ఇంటికి ఫోన్ చెయ్యడానికి బయటికి వెళ్ళాడు. నాకు నిజంగా సంతోషమేసింది.

ఆ తరవాత రిటైరయ్యేదాకా ఫోర్‌మన్ ఇంటర్వ్యూలలో సర్టిఫికెట్లు చివర్లోనే చూశాను. ముందు నేను రుద్దిన, మధ్యలో మూపురం లేచిన ముక్క ఒకటి చేతికిచ్చి, ఇది నేనే చేశాను, ఎలా ఉందని అడిగేవాణ్ణి. బాగుందన్నవాళ్ళను తీసుకోలేదు.