వెనకున్నా బావా

మా ఇంట్లో ఒట్టు పెట్టుకోనివ్వరండి. అవునంటే అవును, కాదంటే కాదు. మా నాన్న చర్చిలో సంఘపెద్ద, ఆ పెంపకం అలాంటిది. అందుకని ఒట్టు వేయను. కానీ ఇది జరిగింది. నాకే జరిగింది. నమ్మకపోతే మానేయండి, మధ్యలో మాత్రం నవ్వకండి. నవ్వితే నాకు చిర్రెత్తుకొస్తుంది.

మాది తాడేపల్లిగూడెం. పనిచేసేది బొగ్గు గనిలో. నల్లజర్ల దాటి, జంగారెడ్డిగూడెం దాటి, ఇంకా పైకి వెళ్లాలి. భూమి లోపల బొగ్గు కోసే మిషన్ నడుపుతాను. నడుపుతానంటే దాని మీద కూర్చోను. రిమోట్ పెట్టె మెడకు తగిలించుకుని దూరంగా నిలబడి మీట నొక్కుతాను. లారీ అంత ఉంటుంది మిషన్. ముందు ఇనప పళ్ల డ్రమ్ము. చూసినవాళ్లంతా ఆ పళ్లకే భయపడతారు. మనుషుల్ని ఎక్కువగా పొట్టన పెట్టుకునేది అది కాదండీ... తోక. మిషన్ మలుపు తిరిగేటప్పుడు ఆ వెనక కొస గోడ వైపు ఊగుతుంది. ఆ మధ్యలో మనిషి ఉంటే... వద్దులెండి, మీరింకా భోజనాలు చేయలేదు.

అందుకే మా దగ్గర రెండు కట్టుబాట్లు. ఒకటి కంపెనీ పెట్టింది. ప్రతివాడి నడుముకూ ఒక ట్యాగ్ ఉండాలి. ట్యాగ్ ఉన్న మనిషి మిషన్ దగ్గరికొస్తే ఎర్రలైటు వెలుగుతుంది, మిషన్ ఆగిపోతుంది. రెండోది మేం పెట్టుకున్నది. మీట నొక్కే ముందు నేను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాను. పిలిచినవాడు “వెనకున్నా” అనాలి. అంటే నా వెనక, ప్రమాదం లేని చోట ఉన్నాడని. అందరూ పలికాకే నొక్కుతాను.

ఆ పనిలోకి మా బావమరిదిని తీసుకెళ్లింది నేనే. పేరు జాన్‌బాబు. మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు. ఉండి ఊరి దగ్గర చేపల చెరువుల మీద పనిచేసుకుంటుంటే, మంచి ఉద్యోగమని లాక్కెళ్లాను. బస్సెక్కేటప్పుడు మా అత్తగారు ఒకటే మాటన్నారు. “అల్లుడు గారూ, వాణ్ణి మీ చేతుల్లో పెడుతున్నానండీ.” రిమోట్ పట్టుకున్న ప్రతిసారీ ఆ మాట గుర్తొచ్చేది.

ఇంకో సంగతి. గనిలో వాడు నన్ను బావా అని పిలవడు. కొత్తలో పిలిస్తే మా ఓవర్‌మ్యాన్, అంటే షిఫ్టు చూసే పెద్ద, “ఇదేమన్నా అత్తారిల్లా?” అని నలుగురిలో ఎగతాళి చేశాడు. మావాడికి పౌరుషమెక్కువ. ఆ రోజు నుంచి లోపల “వెనకున్నానండి” అనే అనేవాడు. ఇది గుర్తుపెట్టుకోండి.

భయపడ్డ రాత్రి గురించి చెప్పమన్నారు కదా. నిజానికి పైన అప్పుడు మధ్యాహ్నం. కింద ఎప్పుడూ రాత్రేనండి.

మిగతావాళ్లు అన్నానికి వెళ్లారు. నేను, జాన్‌బాబు, ఓవర్‌మ్యాన్ మిగిలాం. మిషన్‌ను పక్క దారిలోకి తిప్పాలి. పంపు మోటారు గుయ్యిమంటోంది. పైనుంచి నీళ్లు... టప్... టప్... గాలి నిండా బొగ్గు దుమ్ము. నెత్తి మీది లైటు బారెడు దూరం కూడా పోవడం లేదు.

రిమోట్ ఆన్ చేశాను. ఎర్రలైటు వెలిగింది. ఆపి మళ్లీ ఆన్ చేశాను. మళ్లీ ఎర్రలైటు.

“ఎవరో దగ్గరున్నారండీ,” అన్నాను.

“ఎవరున్నారయ్యా? తడికి చెడిపోయుంటుంది,” అని ఓవర్‌మ్యాన్ విసుక్కున్నాడు. లైటుతో పని లేకుండా నడిపే తాళం ఒకటి ఆయన దగ్గర ఉంటుంది. అది రిమోట్‌లో పెట్టి తిప్పేసి, నా వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. ఇక మిషన్ కదులుతుంది. లైటు మాత్రం ఆరలేదు.

పిలిచాను. “జాన్‌బాబూ.”

పంపు గుయ్యిమంటోంది... టప్... టప్...

గొంతు సవరించుకున్న చప్పుడు. మాట్లాడే ముందు అలా సవరించుకోవడం వాడి అలవాటే. తర్వాత... నా కుడి భుజం వెనక నుంచి... మెల్లగా...

“వెనకున్నా బావా.”

తల తిప్పి చూశాను. దుమ్ములో రెండు లైట్లు మసకగా కనిపించాయి. ఒకటి ఓవర్‌మ్యాన్‌ది. పక్కన ఇంకొకటి. సరే అనుకుని మీట మీద వేలు పెట్టాను. పెట్టి... ఆగిపోయాను.

బావా?

వాడిక్కడ బావా అనడే.

“పలికాడు కదయ్యా, నా పక్కనే ఉన్నాడు. కానియ్యి,” అన్నాడు ఓవర్‌మ్యాన్.

నా వేలు కదల్లేదు. ఏమనుకున్నానో తెలియదు, కరెంటు మొత్తం కోసేసే బొత్తాం నొక్కేశాను. పంపు ఆగింది. గనిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదండీ. ఆ నిశ్శబ్దంలో... మిషన్ అవతల నుంచి... ఇనుము మీద వేలితో కొట్టినట్టు... టక్... టక్...

చుట్టూ తిరిగి పరిగెత్తాను. తోకకీ గోడకీ మధ్య జాన్‌బాబు. కరెంటు కేబుల్ ఇరుక్కుంటే లాగుదామని మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. నడుముకు ట్యాగ్ లేదు. కేబుల్ ముట్టుకున్నప్పుడల్లా మిషన్ ఆగిపోతోందని, క్యారియర్లు పెట్టే చోట మేకుకు తగిలించి వచ్చాడు. అక్కడ అందరూ చేసే పనే అది.

వెనక్కి చూశాను. ఒక్కటే లైటు ఉంది. ఓవర్‌మ్యాన్ తన పక్కకి తడుముకుంటున్నాడు.

జాన్‌బాబును కాలరు పట్టి బయటకు లాగి చెంప మీద ఒక్కటిచ్చాను. తర్వాత పట్టుకుని ఏడ్చేశాను. సిగ్గేం లేదు, ఏడ్చాను.

“పిలిస్తే పలకలేవా?” అని పైకొచ్చాక అడిగాను.

“మీరు పిలవడం విన్నాను బావా. పలుకుదామని నోరు తెరిచాను. ఈలోపు ఎవరో పలికేశారు... నా గొంతుతోనే. ఇంక నోరు పెగలక ఇనుము మీద కొట్టాను.”

తర్వాత ఇంజినీరు వచ్చి చూసి, ఎర్రలైటు తడికి చెడిందన్నాడు. సరే, చెడింది. మరి ఆ గొంతు? ఎవరైనా ఆ మాటెత్తితే ఓవర్‌మ్యాన్ లేచి వెళ్లిపోతాడు.

ఆ మేకు నేనే పీకి పారేశాను. ఇప్పుడు ట్యాగ్ లేనివాణ్ణి లోపలికి రానివ్వను. గొంతు నమ్మను. ఒక్కొక్కడి ముఖం మీద లైటు వేసి చూసి, భుజం తట్టి, అప్పుడు నొక్కుతాను. నాకు చాదస్తమంటారు. అననీయండి.

జాన్‌బాబు మళ్లీ ఉండికి వచ్చేశాడు. ఇక్కడ చెరువుల్లో నీళ్లు చిలికే మోటార్లను కూడా ఇప్పుడు ఫోన్‌తో ఆన్ చేస్తున్నారు కదా. వాడు చేయడు. బండెక్కి గట్టు మీదికి వెళ్లి, నీళ్లలో ఎవరూ లేరని కళ్లతో చూసి అప్పుడు వేస్తాడు. నిన్న సాయంత్రం ఆ గట్టు మీదే ఇద్దరం కూర్చున్నాం. సెలవు అయిపోవచ్చింది, ఎల్లుండి డ్యూటీకి వెళ్లాలన్నాను.

“నేనైతే పైకి వచ్చేశాను బావా. నా గొంతు... అది కిందే ఉండిపోయింది కదా?” అన్నాడు.

చీకటి పడుతోంది పదమని బండి తీశాను. ఒక్క సంగతి మాత్రం వాడికి చెప్పలేదు. మా అత్తగారికీ చెప్పలేదు. ఇప్పటికీ పేర్లు పిలుస్తాను. అందరూ పలుకుతారు. అందరి ముఖాలూ చూస్తాను. అంతా అయ్యాక, మీట మీద వేలు పెట్టినప్పుడు... కుడి భుజం వెనక నుంచి... గొంతు సవరించుకున్న చప్పుడు వినిపిస్తుంది.

ఏమీ అనదండీ. ఇంకా తనను పిలవలేదని ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది, అంతే.