పర్వతాలు ఎంచిన కడీలు

గొర్రెలు కాసే పర్వతాలుకు ఆ ఉదయం ఒకచోట కాలు నిలవలేదు. నకిరేకల్ దాటాక హైవే పక్కన నాగేందర్ కంచెకు పాతే రాతి కడీలు అమ్మే జాగా ఉంది. ఎనిమిదడుగుల కడీలు గుట్టలుగా పేర్చి ఉన్నాయి. వాటి చుట్టూ అప్పటికే మూడుసార్లు తిరిగాడు. తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. గులకరాయిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ ఏ కడీ దగ్గరా ఆగకుండా పోతున్నాడు.

కంచె వేయాలనుకున్న రైతు ఎవరైనా చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో ముందు అతని ఇంటికే వచ్చేవాడు. తుమ్మ మొద్దులు పాతితే మూడేళ్ళకు చెదలు పడతాయి. సిమెంటు కడీల్లో ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే పైన పెచ్చులూడతాయి. రాయి అయితే మనవళ్ళ కాలం దాకా నిలుస్తుంది. కానీ లోపల కంటికి కనబడని నెర్రె ఉంటే తీగ బిగించిన రోజునే నడుముకు విరుగుతుంది. ఆ నెర్రెను పట్టేది పర్వతాలు చెవి. కడీని రెండు మొద్దుల మీద పడుకోబెట్టించి గులకరాయితో కొట్టేవాడు. కంగుమంటే “పలికింది” అనేవాడు. మొద్దుగా మోగితే “మూగది” అని కాలితో పక్కకు చూపేవాడు. మందలో ఏ గొర్రెపిల్ల ఏ తల్లిదో కళ్ళు మూసుకుని అరుపును బట్టి చెప్పిన చెవి అది. ఇంత చేసినా ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. ట్రాక్టర్ మీద డ్రైవర్ పక్కన కూర్చోబెడితే చాలు, ఊళ్ళోకి దొరలా దిగేవాడు.

కిందటి వానాకాలం నుంచి ఆ చెవుల్లో తుమ్మెద దూరినట్టు ఒకటే రొద. నీళ్ళు పోయాయనుకున్నాడు. వెల్లుల్లి కాచిన నూనె పోసుకున్నాడు. దవాఖానకు పోతే ఊరంతా తెలుస్తుందని పోలేదు. ఎవరేమన్నా నవ్వి “ఆఁ” అనడం అలవాటు చేసుకున్నాడు.

ఈసారి కడీలు కావలసింది సుక్కమ్మకు. ఆమె పర్వతాలు తమ్ముడి భార్య. ఆ తమ్ముడు గుర్వయ్య పోయి ఏడాది కాలేదు. అతను పెట్టిన మూడెకరాల బత్తాయి తోట తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. తెలంగాణ వచ్చిన ఐదో ఏడు అది. అడవిపందులు గుట్ట దిగి వచ్చి ఒక్క వారంలో ఇరవై మొక్కలను వేళ్ళతో సహా పెకిలించాయి. కంచెలో ఒక్క కడీ విరిగినా తీగ జారుతుంది, పందులకు ఆ సందు చాలు. “మా బావ ఉండంగ నాకేం ఫికర్” అని వాడకట్టంతా చెప్పి మరీ సుక్కమ్మ ట్రాక్టర్ ఎక్కింది.

“కాకా, ఛాయ్ తాగుతవా?” నాగేందర్ కేకేశాడు.

“నల్లరాయే మంచిది,” అన్నాడు పర్వతాలు.

కడీలెత్తే కూలీలు నలుగురూ పగలబడి నవ్వారు. “కాకకు పొద్దుగాల్నే ఎక్కినట్టుంది!” అన్నాడొకడు. ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా పర్వతాలు కూడా నవ్వాడు. సుక్కమ్మ నవ్వలేదు.

అతను మొదలుపెట్టాడు. కొట్టాడు, తల వంచాడు, రొద తప్ప ఏమీ లేదు. “పలికింది.” ఇంకోటి. “పలికింది.” కూలీల మొహాలు చూసి పోల్చుకుందామంటే వాళ్ళకు బరువు తప్ప వేరే ధ్యాస లేదు. అలా పదకొండు కడీలు ట్రాక్టర్ ఎక్కాయి. పన్నెండోదాని దగ్గర సుక్కమ్మ అడ్డంగా వచ్చి నిలబడింది.

“బావా, గిది పలికిందా?”

ఆమె పెదవులను చూసి ప్రశ్న తెలుసుకున్నాడు. ఔనంటే అయిపోయేది. అతని మాటకు ఎదురు చెప్పేవాళ్ళు అక్కడ లేరు. మళ్ళీ కొట్టాడు, ఈసారి చెయ్యి అదిరేంత గట్టిగా. తర్వాత ఆ కడీ మీదే కూలబడ్డాడు.

“నాకు ఇనబడ్తలేదు సుక్కమ్మా.”

“ఏం ఇనబడ్తలేదు?”

“ఏదీ. వానకాలం సంది.”

నాగేందర్ నోరు తెరిచాడు. “గందుకేనా కాకా! గీ నాలుగు నెల్ల సంది నువ్వు జూసిన నా కడీలన్ని పాసయితున్నయి. నా రాయే బాగుపడ్డదనుకున్న!”

ఈసారి ఎవరూ నవ్వలేదు. సుక్కమ్మ ట్రాక్టర్ వైపు చెయ్యి చూపింది. “దించుండ్రి.”

“ఎక్కించినయి మల్ల దించుడా? నడుములు పడిపోతయమ్మా!”

“నా తోటల పందులు పడుడు కంటే మీ నడుములు పడుడే నయం. దించుండ్రి.”

పదకొండూ దిగాయి. ఇప్పుడు కొట్టింది సుక్కమ్మ. పర్వతాలు ఆమె చుట్టూ తిరుగుతూ ఎక్కడ కొట్టాలో, ఎంత బలంగా కొట్టాలో చెప్పాడు. ప్రతి దెబ్బకూ “ఎట్లుంది? ఎట్లుంది?” అని ఆమె మొహంలోకి తొంగి చూశాడు. మొదట్లో ఆమెకు తేడా తెలియలేదు. ఒకే కడీని నాలుగుసార్లు కొట్టి, పక్కదాన్ని కొట్టి, మళ్ళీ మొదటిదానికి వచ్చింది. చెవికి పట్టుబడ్డాక ఇక ఆగలేదు.

“మూగదే బావా!” అని ఆమె అరిచిన అరుపుకు హైవే మీద పోయే బండ్లవాళ్ళు కూడా తలతిప్పారు.

పదకొండింటిలో నాలుగు మూగవి తేలాయి. నాలుగు అని వేళ్ళు చూపగానే పర్వతాలు మొహం మాడిపోయింది.

మధ్యాహ్నం దాటాక సుక్కమ్మ ఏరిన కడీలతో ట్రాక్టర్ కదిలింది. డ్రైవర్ పక్కన కూర్చున్నాడన్న మాటే గాని, పర్వతాలు లేస్తున్నాడు, కూర్చుంటున్నాడు. పక్క ఊరి బాట చీలే చోట మడ్గార్డ్ మీద దబదబ బాదాడు. “ఆపు! ఆపు!”

“ఏడికి బావా?”

“విజేందర్ కాడికి. కిందటి నెల ఆనికి ముప్పై కడీలు ఎంచిచ్చిన. రేపు తీగ గుంజుతడు. పోరగాళ్ళంత ఆడనే ఉంటరు. ఒక్కటి ఇరిగి మీద పడ్డా...”

“ఫోన్ జేద్దం తియ్యి.”

అతను అప్పటికే దిగి నడుస్తున్నాడు.

“నీ చెవుల్తోని పొయ్యి ఏం జేస్తవ్? జర ఆగు, నేనొస్త!”

అతను వెనక్కి తిరగలేదు. కడీలు ఇంటికి చేర్చమని డ్రైవర్‌కు చెప్పి, కొంగు నడుములో దోపి, సుక్కమ్మ ఆ బాటన పరుగందుకుంది.