కళ్ళంలో సైకిలు నేర్పిన అత్త

మా అత్త పోయింది. మనుబోలులో కూతురి ఇంటికని నవ్వుతా బస్సెక్కిన మనిషి, అక్కడే నిద్రలో కన్ను మూసింది. ఆ కబురు చెప్పను మా ఆయన నేను పాఠం చెప్పే బడికి ఎండలో నడిచి వచ్చినాడు. ఇంట్లో ఉండే ఒక్క సైకిలూ నా దగ్గరుంటే ఆయనకు నడక తప్ప దారేముంది?

ఆ సైకిలు సంగతి చెప్తే మా అత్త సంగతి చెప్పినట్టే. ఏడుస్తా రాద్దామని కూచుంటే నవ్వు తన్నుకొస్తా ఉంది. నన్ను తప్పు పట్టబాకండి.

నేను బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగినాను. చిన్నప్పుడు మా అన్న సైకిలేసుకుని కాలనీ అంతా చుట్టేదాన్ని. పెద్దమనిషినైనాక సైకిలు గోడకు చేరింది, నేను ఇంట్లో చేరినాను. ఆ తరవాత టీచరు ట్రైనింగు, పెళ్ళి, ఇందుకూరుపేట పక్కన ఈ సేద్యగాళ్ళ ఇల్లు. ఉద్యోగం వచ్చింది యాడ? సముద్రం ఒడ్డున జాలర్ల పాళెంలో! పొద్దున్నే వంట ముగించి కాలవ కట్ట మీద పరుగులు తీసినా బడిగంట నాకంటే ముందే మోగేది. "అమ్మా, ఇంకోసారి ఆలస్యమైతే పైకి రాయక తప్పదు" అనేసినారు పెద్దయ్యవారు. బండి కట్టుకుందామంటే ఎద్దులకు చేలో పని. మా ఆయనేమో "ఎందుకొచ్చిన బాధ, మానెయ్" అన్నాడు. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం.

వసారాలో మజ్జిగ చిలుకుతా ఉన్న అత్త కవ్వం ఆపింది.

"ఏమ్మే, చిన్నప్పుడు సైకిలు తొక్కేదాన్నని చెప్తివి గదా?"

"అది ఎప్పటి మాట అత్తా!"

"ఎప్పటిదైతే ఏం? వాడి సైకిలు ఊరికే పడుండాది. లెయ్, పదా."

నేర్చుకున్న సైకిలు మరిచిపోరంటారు చూడండి, శుద్ధ అబద్ధం! ఎక్కీ ఎక్కకముందే దబ్బున పడినాను. ఒంటితో పాటు భయమూ పెరిగిందాయె. పైగా మగవాళ్ళ సైకిలు, నడుమ అడ్డకమ్మీ. అత్త నన్ను ఎగాదిగా చూసి, "చీర ఇట్టా కాదుమే" అని, నాట్లు వేసేటప్పుడు ఆడవాళ్ళు కట్టుకున్నట్టు తనే గోచీ పోసి బిగించి కట్టింది. సిగ్గుతో చచ్చిపోయినాను గానీ కాళ్ళకు మాత్రం స్వేచ్ఛ వచ్చింది.

రోడ్డు మీద నేర్చుకుంటే ఊరంతా నవ్వుతారని నన్ను కళ్ళానికి తీసకపోయింది. నూర్పిళ్ళు అయిపోయి, వడ్లు ఇల్లు చేరినాయి. పేడతో అలికిన నేల గచ్చులాగా ఉంది, నడుమ ఎద్దుల్ని కట్టి తిప్పే గుంజ. మా అత్త పుట్టి బుద్ధెరిగి సైకిలెక్కింది లేదు. ఆమెకు తెలిసిందల్లా ఎద్దుల్ని తిప్పడం. అందుకని సీటు కింద తాడు కట్టి, రెండో కొస పట్టుకుని గుంజ దగ్గర నిలబడింది. "హై! హై! తొక్కుమే!" నేను బయటికి ఒరిగితే తాడు బిగించి లాగేది, లోపలికి ఒరిగితే ఉరికొచ్చి పట్టుకునేది. "నేల యాడికీ పోదు, కింద చూడబాక!" అని ఒకటే అరుపు.

ఒక సాయంత్రం చుట్టు మీద చుట్టు తిరుగుతా చూద్దును గదా, అత్త రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని నిలబడి ఉంది. తాడు నా వెనకాల నేల మీద ఈడ్చుకుంటా వస్తా ఉంది! ఆ సంతోషం ఏమని చెప్పేది! కెవ్వున అరిచినాను. బెల్లు ట్రింగు ట్రింగుమని కొట్టినాను. కంచె పక్కన నిలబడిన మా ఆయన మొహం చిట్లించి, "తొక్కితే తొక్కు గానీ బెల్లు మాత్రం కొట్టబాక. ఊరంతా తిరిగి చూస్తారు" అన్నాడు.

"కొట్టుమే!" అనింది అత్త. "ఎవురు వస్తుండారో జనానికి తెలవద్దా?"

మర్నాడు గోచీ బిగించి బడికి బయలుదేరినాను. సముద్రం గాలి ఎదురు కొడతా ఉంటే చిన్నపిల్లనైపోయినాను. కాలవ దగ్గర దారి కుడికి తిరుగుతుంది. నేను తిరగలేదు! తిప్పుదామంటే చేతులు బిగుసుకుపోయినాయి. తిన్నగా పోయి ఎవరిదో గడ్డివామిలో దూరినాను. అప్పుడు తెలిసింది, కళ్ళంలో అన్నాళ్ళూ ఎద్దులు తిరిగినట్టు ఎడమ పక్కకే తిరిగినానని. లేచి, సైకిల్ని చేత్తో కుడికి తిప్పుకుని, మళ్ళీ ఎక్కి, జడ నిండా గడ్డితో బళ్ళో అడుగు పెట్టేసరికి గంట ఇంకా కొట్టలేదు. పెద్దయ్యవారు గడియారాన్నీ నన్నూ మార్చి మార్చి చూసినారు.

ఇంటికొచ్చి చెప్తే అత్త నేల మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "ఎద్దులకు నేర్పినట్టే నేర్పితి గదమే! వాటికి కుడి పక్కతో పనేముంది?" వెంటనే నన్ను మళ్ళీ కళ్ళానికి లాక్కుపోయింది. "అన్నం చేతి పక్కకు! అన్నం చేతి పక్కకు!" అని కేకలేస్తా ఈసారి కుడికి తిప్పింది. ఇప్పటికీ కాలవ మలుపు దగ్గర నా నోరు ఆ మాటే అంటుంది.

ఆ తరవాత "నన్ను గూడా ఎక్కించుకో" అని పేచీ పెట్టింది. వెనక కూచోబెట్టుకుని మైపాడు సముద్రం ఇసక దాకా తీసకపోయినాను. దారి పొడుగునా నా నడుము పట్టుకుని, "తప్పుకోండయ్యా, మా కోడలికి ఆపను రాదు!" అని అరుస్తా వచ్చింది. నాకు ఆపను బాగానే వచ్చు. అయినా ఆమెకు అదొక సరదా.

ఇన్నేళ్ళూ సాయంత్రం బడి నుంచి వస్తా కళ్ళం దగ్గర బెల్లు కొట్టేదాన్ని. అది వినబడితే ఇంట్లో కాఫీనీళ్ళు పొయ్యెక్కేవి. వాకిట్లోకి వచ్చి "మా పంతులమ్మ వచ్చింది" అని ఎవరూ లేకపోయినా గట్టిగా చెప్పేది. ఆ మాటతో నా అలసటంతా పోయేది. కన్నతల్లి కూడా నన్ను చూసి అంత గర్వపడలేదు.

కబురు తెచ్చిన ఆ రోజు బడి దగ్గర మా ఆయన సైకిలు పట్టుకోబోయినాడు. మళ్ళీ వదిలేసినాడు. "నా వల్ల గాదు, నువ్వే తొక్కు" అని వెనక కూచున్నాడు. మనుబోలు పోవాలంటే మా ఇంటి మీదుగానే బస్సు రోడ్డుకు చేరాల. కాలవ దగ్గర ఎడమకు తిరిగినాను. కళ్ళం రాగానే, నేను అనుకోకుండానే, నా వేలు బెల్లు కొట్టేసింది. తాళం వేసిన మా తలుపు కనబడతా ఉంది.

వెనక నుంచి మా ఆయన అన్నాడు, "ఇంకోసారి కొట్టు."

బస్సు రోడ్డు ఎక్కేదాకా కొడతానే ఉన్నాను.