హైమావతిగారి ఉత్తరానికి నాలుగు మూలలా పసుపు

రెండో ప్రపంచ యుద్ధం స్టీవెనేజ్ ఊళ్ళో రెండువేల ఇరవై అయిదు మే నెల దాకా ముగియలేదు.

ఊరు ఊరంతా అంటే మరీ అన్యాయం. ఆ ఊళ్ళో చాలా ఇళ్ళు యుద్ధం అయిపోయాకే కట్టారు. కాబట్టి ఒక్క వీధిలోనే అనుకుందాం. వీధి కూడా కాదు, ఆ వీధి చివర గోడ కలిసున్న రెండిళ్ళు. సరే, ఒక ఇంటి ముందుగది, పక్కింటి వంటగది. ఇంతకంటే తగ్గించడం కుదరదు. ఆ కాస్త జాగాలో మాత్రం యుద్ధకాలపు చట్టాలన్నీ అమల్లో ఉండేవి. ఫోను నిషేధం. వాట్సాప్ నిషేధం. వచ్చే ఉత్తరం, పోయే ఉత్తరం రెండూ సెన్సారు దాటాల్సిందే.

సెన్సారు పేరు డోరీన్. వయసు తొంభై ఎనిమిది. ఆమె అదుపులో ఉన్నవి పక్కింటి డాక్టర్ హైమావతి ఉత్తరాలు.

హైమావతిది తెనాలి. ఊళ్ళోని సర్జరీలో, అంటే అక్కడి క్లినిక్కులో, జీపీ. అరవైకి ఒక ఏడాది తక్కువ. భర్త సదాశివం పోయి ఎనిమిదేళ్ళయింది. కొడుకు నిఖిల్‌కి స్విండన్‌లో ఉద్యోగం. తెలుగు అంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. సర్జరీలో రోజంతా ఇతరుల నొప్పులు వినే హైమావతికి ఇంట్లో తన మాట వినేవాళ్ళు లేరు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. గోడకి అవతలున్న డోరీన్ మాత్రం అనకుండానే కనిపెట్టింది.

డోరీన్‌కి చూపు బాగా మందగించింది. ఆదివారాలు హైమావతి వెళ్ళి ఆమె పాత ఉత్తరాలు చదివి వినిపించేది. డోరీన్ లండన్‌లో గుండీల ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లగా ఉన్నప్పుడు, లెన్ అనే సిపాయి ఇటలీ యుద్ధరంగం నుంచి రాసిన ఉత్తరాలవి. పెళ్ళికి ముందు వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నది తక్కువ, రాసుకున్నది ఎక్కువ. ఆ కాగితాల నిండా కంతలు. అభ్యంతరం అనిపించిన చోటల్లా లెన్ పై అధికారి కత్తెరతో కోసేశాడు. ఆ కంతల్లో ఎంత గొప్ప ప్రేమ కారిపోయిందోనని డోరీన్ రెండేళ్ళు బెంగపడిందట. పెళ్ళయ్యాక అడిగితే లెన్ నిజం చెప్పాడు. బూట్లు కరుస్తున్నాయని, చిక్కుడు గింజలు ఉడకలేదని, పక్కవాడు గురక పెడుతున్నాడని, ఇక్కడ బురద అని రాసిన మాటలట అవన్నీ.

"నా కాపురం నిలబెట్టింది ఆ కత్తెరే, డియర్" అనేది డోరీన్. "సణుగుడంతా కోసేస్తే మిగిలేదే ప్రేమ."

ఈ సిద్ధాంతం బుర్రలో నాటుకుపోయిన రోజుల్లోనే హైమావతి స్విండన్‌లో తెలుగువాళ్ళ ఉగాదికి వెళ్ళింది. బడి హాల్లో భోజనాల వరస నెమ్మదిగా కదులుతోంది. ఆమె వంతు వచ్చేసరికి పులిహోర గిన్నెలో ఒక్క గరిటె మిగిలింది. వెనక నిలబడ్డ పెద్దమనిషి ఆ గరిటె ఆమె పళ్ళెంలోనే వేయమన్నాడు. ఆమె వద్దంది. ఆయన పట్టు పట్టాడు. వడ్డించే కుర్రాడు విసుగెత్తి సగం సగం వేసి ఖాళీ గిన్నె తీసుకుపోయాడు.

ఆయన ఉమామహేశ్వరరావు. ఊరు రేపల్లె. గ్లాస్గోలో మత్తు డాక్టరు, ఆ మరుసటేడు రిటైరు కావాలి. ఆస్పత్రి డ్యూటీల రోటా కాస్త తెరిపినివ్వగానే పెళ్ళి చేసుకుందామని ముప్ఫై ఏళ్ళు ఎదురుచూసిన బ్రహ్మచారి. వెళ్ళేటప్పుడు మొహమాటపడుతూ ఫోను నంబరు అడిగాడు. హైమావతికి ఏ దేవత పూనిందో గానీ, నంబరు ఇవ్వననీ, మాట్లాడాలనుంటే ఉత్తరం రాయమనీ చెప్పి, పేపర్ నాప్‌కిన్ మీద ఇంటి అడ్రసు రాసిచ్చింది. ఇంత శ్రమ ఎవరు పడతారన్నది ఆమె ధైర్యం.

ఆ వారంలోనే ఆరు పేజీలు వచ్చాయి.

డోరీన్‌కి మళ్ళీ పద్దెనిమిదేళ్ళు వచ్చాయి. సెన్సారు పదవి తనకు తానే ఇచ్చుకుంది. పద్ధతి ఇలా ఉండేది. ఆదివారం టీ దగ్గర హైమావతి తాను రాసిన తెలుగు ఉత్తరాన్ని ఇంగ్లీషులో చెప్పాలి. అభ్యంతరమైన మాట రాగానే డోరీన్ చెంచాతో సాసర్ మీద టంగుమని కొడుతుంది. హైమావతి నీలం పెన్సిలుతో ఆ వాక్యం కొట్టేయాలి. మోకాళ్ళ నొప్పికి టంగు. సర్జరీలో రిసెప్షనిస్టు మీద చాడీకి టంగు. కౌన్సిల్ వాళ్ళు చెత్త బిన్ను తీసుకుపోలేదన్నందుకు రెండుసార్లు టంగు. కాన్వెంటులో సిస్టర్ల దగ్గర దస్తూరి నేర్చుకున్న హైమావతికి కొట్టివేతలున్న కాగితం పంపడమంటే ప్రాణం పోయినట్టుండేది. అందుకని మళ్ళీ తిరగరాసేది. తిరగరాస్తుంటే తన బతుకులో సణుగుడు కానిది కూడా కొంత ఉందని తెలిసి ఆశ్చర్యపోయేది.

అలా ఏడాది గడిచింది. పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకి ఆమెకు సర్జరీ నుంచి ఇంటికి రావాల్సిన పనేదో ఒకటి పడుతూ ఉండేది.

ఏప్రిల్ చివర్లో వచ్చిన ఉత్తరం మాత్రం ఒకటే పేజీ. ఆయన రిటైరయ్యాడు. ఫ్లాట్ అమ్ముడుపోయింది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి చెల్లెలు తన దగ్గరికి వచ్చేయమంటోంది. మీరు రమ్మంటే స్టీవెనేజ్ వస్తాను, వద్దంటే పెర్త్ వెళ్తాను, టికెట్ ఇంకా కొనలేదు, అని రాసి సంతకం చేశాడు.

హైమావతి ఆ కాగితాన్ని సెన్సారుకి చూపించలేదు. మూడు రోజులు హ్యాండ్‌బ్యాగులో వేసుకు తిరిగింది. రమ్మని రాయాలనే ఉంది. కానీ రమ్మంటే నిఖిల్‌కి ఏమని చెప్పాలి, స్విండన్ హాల్లో మళ్ళీ భోజనాల వరసలో ఏ మొహంతో నిలబడాలి అని భయం. సదాశివం పోయాక పేరంటాలకు ఆమెను పిలవడం ఎలా మానేశారో, పిలిచినా పసుపు పళ్ళెం ఆమె ముందు నుంచి ఎలా జారిపోయేదో ఆమె మరిచిపోలేదు. పసుపు అప్పటి నుంచీ పోపుల డబ్బాలోనే ఉండిపోయింది.

యుద్ధం ముగిసి ఎనభై ఏళ్ళయిందని ఆ మే నెలలో వీధి పార్టీ పెట్టుకున్నారు. హైమావతి ఆ పచ్చటి అన్నం చేసి తేవాలని వీధివాళ్ళు ముందే తీర్మానించారు. పార్టీకి ముందు రుచి చూస్తే తప్ప ఒప్పుకోనని డోరీన్ పేచీ పెట్టడంతో, ఆ ఆదివారం హైమావతి కాస్త పులిహోర కలిపింది. కలుపుతూ కలుపుతూ ఉండగానే, ఇప్పుడు రాయకపోతే ఇక రాయలేనని అనిపించింది. చెయ్యి కడుక్కుని వంటగది బల్ల మీదే కూర్చుని, రావద్దని రాసేసింది. కవరు అంటించి, కాన్వెంటులో సిస్టర్ నేర్పిన పద్ధతి ప్రకారం నాలుగు మూలలా బొటనవేలితో గట్టిగా నొక్కింది. ఎదురుగా తిరగమోత ఆరిపోతోంది. వెళ్ళి ఉత్తరం డబ్బాలో వేసి వచ్చింది. మొట్టమొదటిసారి సెన్సారు చూడని ఉత్తరం అది.

కడిగిన చేతికి నీళ్ళు పోతాయి గానీ పసుపు పోదు.

పార్టీ రోజు వీధి మధ్యలో బల్లలు వేశారు. రంగుల జెండాల తోరణాలు కట్టారు. డోరీన్‌ను కుర్చీతో సహా తెచ్చి అందరికంటే ముందు కూర్చోబెట్టారు. హైమావతి పులిహోర గిన్నెకి శాండ్‌విచ్‌ల మధ్య చోటు చేస్తోంది. అప్పుడు వీధి మొదట్లో సూటు వేసుకుని, చిన్న పెట్టె లాక్కుంటూ ఉమామహేశ్వరరావు కనిపించాడు.

ఆమె చేతిలోని గరిటె కదలలేదు. రావద్దన్న మనిషి వచ్చాడు. కోపం తెచ్చుకుందామని చూసింది. ముందు గుండె కొట్టుకుంది, కోపం రావడం మరిచిపోయింది.

ఆయన దగ్గరికొచ్చి నమస్కారం పెట్టి, కోటు లోపలి జేబులోంచి కవరు తీశాడు. అది చింపలేదు. నాలుగు మూలలా నాలుగు పసుపు మరకలు. ఆమె బొటనవేలి గీతలు కూడా తెలుస్తున్నాయి.

"ఇదేంటండీ, అట్టాగే పట్టుకొచ్చారు?"

"నాలుగు మూలలా పసుపు పెట్టిన శుభలేఖని మగాడొక్కడే కూర్చుని చించకూడదనేది మా అమ్మ. దేవుడి దగ్గర పెట్టి, పంపినవాళ్ళ ఇంటి ఆడవాళ్ళ చేత చదివించుకోవాలట. రెండు రోజులు దేవుడి దగ్గర పెట్టా. తర్వాత ఎడిన్‌బరాలో రైలు మారా." కవరు ఆమె చేతిలో పెట్టాడు. "చదవండి. వింటాను."

అది పసుపు పెట్టిన శుభలేఖ కాదనీ, పులిహోర కలిపిన చేతి మరకలనీ చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం గొంతు దాకా వచ్చింది. ఎదురుగా ఈ మనిషి ఆ కాగితాన్ని దేవుడి దగ్గర పెట్టి వచ్చాడు. పసుపు పళ్ళెం తన ముందు ఆగని ఇన్నేళ్ళ తర్వాత, తన చేతి పసుపును ఒకరు కళ్ళకద్దుకుని తెచ్చారు.

ఆమె కవరు చింపింది. పక్క కుర్చీలో డోరీన్ టీ కప్పు పక్కన పెట్టి చెంచా చేతిలోకి తీసుకుంది. తెలుగు ఆమెకు ఒక్క ముక్క రాదు. కానీ హైమావతి గొంతు ఎక్కడ తడబడుతుందో ఏడాదిగా వింటోంది.

"ఉమామహేశ్వరరావుగారికి నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. బాగా ఆలోచించాను. మీరు..."

తర్వాతి మాట 'రావద్దు'. హైమావతి ఆగిపోయింది.

టంగు.

డోరీన్ తన హ్యాండ్‌బ్యాగులోంచి నీలం పెన్సిలు తీసి బల్ల మీదుగా తోసింది. హైమావతి పెన్సిలు వైపు చూసింది, ఆయన వైపు చూసింది. చదివేయవచ్చు. ఎవరూ ఆపరు. పెన్సిలు తీసుకుని ఆ వాక్యం కొట్టేసింది.

"మీ ఉత్తరాలకు అలవాటు పడిపోయాను. పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకి సర్జరీలో ఉండలేకపోతున్నాను." ఇక్కడ మళ్ళీ తడబడింది. ఆ తర్వాత ఉన్నది, ఈ వయసులో ఇది నవ్వులాట, నలుగురూ నవ్వకముందే ఆపేద్దాం, అని. టంగు. నీలం గీత. "మా ఇంటి వెనకగదిలోకి పొద్దున ఎండ బాగా వస్తుంది. అక్కడ కూర్చునే మీ ఉత్తరాలు చదువుకునేదాన్ని." దాని వెనక, ఇక చదవను, అది నిఖిల్ గది, పెర్త్‌లో మీ చెల్లెలు బాగా చూసుకుంటుంది, అన్న మూడు వాక్యాలు. డోరీన్ వరసగా సాసర్ వాయించింది. సాసర్‌కి చిన్న పెచ్చు లేచింది కూడా. హైమావతి ఆ మూడూ ఒకే గీతతో కొట్టేసి చివరికి వచ్చింది. "ఆరోగ్యం జాగ్రత్త. ఇట్లు, హైమావతి."

ఉమామహేశ్వరరావు అంతా విని తల ఊపాడు. పెన్సిలు ఎన్నిసార్లు కదిలిందో ఆయన చూడకపోలేదు. ముప్ఫై ఏళ్ళు మనుషులకు మత్తిచ్చి, వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్న మనిషి.

"ఆ కాగితం ఇస్తారా, దాచుకుంటాను" అన్నాడు.

"సెన్సారు చేసిన కాగితం వెనక్కివ్వరండీ" అంది హైమావతి. "యుద్ధకాలం రూలు."

"అయితే గది చూపించండి. ఎండ ఎంత బాగా వస్తుందో చూస్తాను."

"పొద్దున వస్తుందన్నానండీ. ఇప్పుడు మూడు దాటింది."

"రేపు పొద్దున దాకా ఆగుతాను. హోటల్ బుక్ చేసుకున్నాలెండి, కంగారు పడకండి."

డోరీన్ ఏం జరిగిందో ఇంగ్లీషులో చెప్పమంది. హైమావతి చెప్పబోయి, సిగ్గుపడి, పళ్ళెంలో పులిహోర పెట్టి ఆయనకిచ్చింది. తర్జుమా అదేనని డోరీన్ అర్థం చేసుకుని, యుద్ధం ముగిసిందని వీధివాళ్ళందరికీ ప్రకటించింది. వాళ్ళు అది ఎనభై ఏళ్ళ కిందటి యుద్ధమనుకుని మర్యాదగా చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం హైమావతి నిఖిల్‌కి ఫోన్ చేసింది. తెనాలి నుంచి మొదలుపెట్టి చుట్టూ తిప్పి, చివరికి విషయం చెప్పింది. నిఖిల్ మాత్రం, "దట్స్ లవ్లీ, మమ్. సో వేర్ డు ఐ స్లీప్ ఎట్ క్రిస్మస్?" అన్నాడు. ఇంత చిన్న ప్రశ్న కోసమా ఇన్నాళ్ళు భయపడ్డానని ఆమె ఫోను పెట్టేశాక చాలాసేపు నవ్వుకుంది.

ఆ డిసెంబరులో నిఖిల్ ముందుగదిలో సోఫా మీద పడుకున్నాడు. వెనకగదిలో పొద్దుటి ఎండలో రెండు కుర్చీలు పడ్డాయి. ఉమామహేశ్వరరావు ఇప్పటికీ ఉత్తరాలు రాస్తాడని, స్టాంపు అంటించి వీధి చివర డబ్బాలో వేసి, మర్నాడు తనే తలుపు దగ్గర నుంచుని అందుకుంటాడని వీధిలో చెప్పుకుంటారు.

హైమావతిగారిని అడిగితే మాత్రం ఇందులో ఒక్క ముక్క నిజం లేదంటారు. తాను పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఉత్తరం రాయలేదట. డోరీన్ దగ్గర నీలం పెన్సిలే లేదట. ఆయన వచ్చింది ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ చూడడానికట, చలి ఎక్కువగా ఉండి ఆగిపోయాడట. మే నెలలో చలేమిటండీ అంటే, ఇంగ్లండ్ సంగతి మీకేం తెలుసు అంటారు. మరి కవరు మీద ఆ నాలుగు మరకల మాటేమిటని అడిగితే, ఆవిడ అద్దాలు సర్దుకుని, కేసు పేపర్లు చూసే డాక్టరు మొహం పెట్టి చెబుతారు:

"అంతా అబద్ధం. ఆ వారం మా ఇంట్లో అసలు పసుపే లేదు."