షాఫ్టు గుడి గంట

గని మూతపడక ముందు, మనుషులు కిందికి దిగే షాఫ్టు పక్కన ఒక చిన్న అమ్మవారి గుడి ఉండేది. అక్కడ టేప్ రికార్డరు పెట్టుకుని ఒక పగలంతా కూర్చున్నాను. కోలారు బజారులో పప్పూ బెల్లం తూచే ఇంట పుట్టినదాన్ని, కేజీఎఫ్‌కు కోడలిగా వచ్చాకే బంగారు గని మొహం చూశాను. ఆవని కొండమీది గాలినీ, నంగలి భజననూ అప్పటికే టేపులోకి పట్టి తెచ్చిన గర్వం నెత్తికెక్కి ఉండేది.

షిఫ్టుకు దిగేవాళ్ళు ఒక్కొక్కరే గంట కొట్టి, దండం పెట్టి పోయేవారు. ఎంత శుభ్రమైన మోతో! పైకొచ్చేవాళ్ళు మాత్రం దగ్గుతూ, సగం తమిళం సగం తెలుగులో ఎకసెక్కాలాడుతూ, గంటను బాదేసి పోయేవారు. గని మూతపడ్డాక ఆ టేపులతో ధ్యానానికని ఒక ధ్వని రచన చేశాను. పైకొచ్చేవాళ్ళ గోలంతా కత్తిరించి పారేశాను. ఒక గంట, దాని వెనక పొడుగాటి నిశ్శబ్దం, మళ్ళీ గంట.

మొదట మా అత్తకే వినిపించాను. గనిలో బండ కూలి మామ పోయినప్పటి నుంచీ ఆమె ఆ గుడి వైపు వెళ్ళలేదు. ఇది వింటే మనసు కుదుటపడుతుందని నా మహా తెలివి.

గోడకానుకుని వింటూ మొదట తల ఊపింది. కాసేపటికి ఊపడం మానేసింది. అంతా అయిపోయాక కూడా స్పీకర్ల వైపే చూస్తూ ఉంది.

"వాళ్ళు పైకొచ్చేది యాడమ్మా?" అంది.

"అది తీసేసినాను అత్తా. ఒకటే గోలగా ఉండాది."

"తీసేసినావా?" ఆమె నా వైపు తిరిగింది. "దిగేటప్పుడు ఒక తూరి, పైకొస్తే ఒక తూరి కొడతారమ్మా. మన ఇంటి దాకా ఇనపడేది. ఆ పొద్దు మీ మామ కొట్టింది ఒకటే. ఇంగ నువ్వు అందరినీ లోపలే పెట్టేసినావు గదమ్మా!"

నేను మురిసిపోతూ పేర్చిన ఆ నిశ్శబ్దం, ఆ పొద్దంతా ఆమె గుమ్మంలో నిలబడి విన్నదే.

కత్తిరించని టేపు వెతికి పెట్టాను. దగ్గులు, తిట్లు, నవ్వులు, గంట మీద గంట. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ప్రతి మోతకూ తల ఎత్తి చూసింది. చివరికి టేపులో ఉత్త గరగర మిగిలింది. ఆపబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆపొద్దమ్మా. ఇంగొకటి రావల్ల."